ఊపిరితిత్తులకు కాపలా

అజీజ్‌నగర్ ఫామ్‌హౌస్ దంపతులకు తమకూ ఊపిరితిత్తులున్నాయన్న సంగతి ఆదివారం పొద్దున మాత్రమే గుర్తొచ్చేది. ఆరు రోజులు అద్దాల మేడలో కంప్యూటర్ల ముందు కూర్చొని, ఏడో రోజు తెల్లబట్టలు వేసుకొని కార్లో దిగేవాళ్లు. దిగగానే రెండు చేతులూ బార్లా చాపి "ఆహా, గాలంటే ఇదండీ" అనేవాళ్లు. మొయినాబాద్ మండలమంతా వారం రోజులు కష్టపడి వాళ్లకోసమే ఆ గాలిని తయారుచేసి పెట్టినట్టు! ముప్పై ఏళ్ల కిందట కోస్తా నుంచి వచ్చి నగరంలో స్థిరపడిన మనుషులు. వాళ్లు చెడ్డవాళ్లని నేననను. చెడ్డతనానికి కూడా కాస్త బుర్ర కావాలి.

ఆ ఫామ్‌హౌస్‌కు తోటమాలీ వాచ్‌మనూ రెండూ మా అన్నే. గేటు పక్కన రెండు గదుల్లో అన్న, వదిన ఉండేవాళ్లు. నేను చేవెళ్లలో సర్కారు బడిలో జీవశాస్త్రం చెబుతాను. అన్న అయిదో తరగతితో ఆపేశాడు. నేను చదువుకున్నానంటే అది ఆయన చలవే. అందుకని నేనంటే ఆయనకు ఎక్కడలేని గొప్ప. కనబడ్డ ప్రతివాడికీ "మా చెల్లె సైన్స్ టీచరమ్మ" అని చెప్పుకునేవాడు. పాలవాడికి చెప్పాడు, బోరు బాగుచేసేవాడికి చెప్పాడు, ఒకరోజు ఇంటి మేడమ్‌కు కూడా చెప్పాడు. ఈ కథంతా అక్కడ మొదలైంది.

కథలోకి పోయేముందు అన్న జబ్బు సంగతి చెప్పాలి. నాలుగేళ్లుగా ఆయనకు దమ్ము, ఊపిరాడని ఆయాసం. చిన్నప్పటి నుంచి తాగిన బీడీలు, పైనుంచి రోజూ ఆకుల పొగ. చేవెళ్లలో నేను చూపించే డాక్టరమ్మ పీల్చే మందు రాసిచ్చింది. చిన్న ప్లాస్టిక్ డబ్బీలో గోలీ పెట్టి, తిప్పి, నోటితో గట్టిగా పీల్చాలి. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. మా వైపు జనానికి ఆ మందంటే ఒక పిచ్చి భయం. అది ఆఖరి మందట, ఒకసారి పట్టిందంటే చచ్చేదాకా వదలదట, నలుగురిలో పీలిస్తే రోగిష్టివాడని పేరొస్తుందట. అన్న కూడా ఆ మందును చాటుకు పోయి దొంగలా పీల్చేవాడు. పోట్లాడి, ఒట్లు పెట్టి, బీడీలు మాన్పించి, ఆ మందును నేనే అలవాటు చేశాను. డాక్టరమ్మ ఆయన ముందే నాకు చెప్పింది: "మందు ఆపితే మళ్ల ముదురుతది. ఇంకో రెండుసార్లు గిట్ల ముదిరితే పార పట్టే దమ్ము మిగలదు, చూస్కోండ్రి." పార పట్టలేని తోటమాలిని ఆ ఇంట్లో ఎన్నాళ్లు ఉంచుకుంటారో మాకందరికీ తెలుసు.

ఇక మేడమ్ సంగతి. ఆమె ఆదివారాలు తోటలో ఊపిరితిత్తుల శిబిరం మొదలుపెట్టింది. నగరం నుంచి పాతికమంది వచ్చి పచ్చగడ్డి మీద చాపలు పరచుకొని కూర్చునేవాళ్లు. ముక్కు ఒకవైపు మూసి, రెండోవైపు తెరిచి, కాసేపు బుస్సుబుస్సుమని ఊపిరి పీల్చేవాళ్లు. తర్వాత ఉసిరికాయ, క్యారెట్, బీట్‌రూట్, పచ్చి పసుపు కలిపిన జ్యూసు చిన్న చిన్న ప్లాస్టిక్ సీసాల్లో పంచేవాళ్లు. మా చేవెళ్ల మార్కెట్లో పొద్దున్నే బుట్టల్లో కుప్పపోసే క్యారెట్టే అది. ఇక్కడికొచ్చి సీసాలోకి దిగేసరికి దానికి యాంటీఆక్సిడెంట్ అని పేరొచ్చింది. తాగేముందు ప్రతి ఒక్కరూ సీసాను ఎండకు ఎత్తి పట్టుకొని ఫోటో తీసుకునేవాళ్లు. ఏం సంబడమో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు.

"మా వాళ్లకు కొంచెం సైంటిఫిక్‌గా చెప్పేవాళ్లు కావాలండీ. మీరు ఒక ఇరవై నిమిషాలు మాట్లాడతారా?" అని మేడమ్ నాకు ఫోన్ చేసింది. ఏం మాట్లాడాలో ముందుగా రాసి చూపించమంది. నేను అయిదు పేజీలు రాశాను.

ఆ అయిదు పేజీలు మంచివే. ఇప్పటికీ సిగ్గు లేకుండా చెబుతాను, నేను పాఠం బాగా చెబుతాను. ఊపిరితిత్తుల చివర ద్రాక్షగుత్తుల్లాగా గాలితిత్తులుంటాయని, వాటి గోడ ఉల్లిపొర కన్నా ఎన్నో రెట్లు పలచన అని మొదలుపెట్టాను. ఆ గోడకు ఇటు గాలి, అటు రక్తం. పొగ, బండ్ల కాలుష్యం లోపలికి పోయినప్పుడు జోడీ తప్పిన ఎలక్ట్రాన్‌తో తిరిగే అణువులు కొన్ని అక్కడ పుడతాయి. వాటికి స్థిమితం ఉండదు. పక్కదాని ఎలక్ట్రాన్ లాక్కుంటాయి. పోగొట్టుకున్నది ఇంకోదాని మీద పడుతుంది. కణం పైపొర కొవ్వుతో కట్టింది కాబట్టి మొదటి దెబ్బ దానికే. మూత పెట్టని పల్లినూనె కొన్నాళ్లకు ముక్కిపోతుంది చూడండి, ఆ పొర కూడా అలాగే పాడవుతుంది. దెబ్బ ఇంకా లోపలికి పోతే ప్రోటీన్లు, డీఎన్ఏ కూడా చెడతాయి. యాంటీఆక్సిడెంట్లు ఏం చేస్తాయంటే, తమ ఎలక్ట్రాన్ ఒకటి ఇచ్చేసి ఆ లాగులాట అక్కడితో ఆపేస్తాయి. గాలిగొట్టాల లోపలి తడిలో విటమిన్ సి, గ్లుటాథయోన్ ఉంటాయి. పైపొర కొవ్వులో విటమిన్ ఇ ఉంటుంది. ఇవిగాక కణం సొంతంగా తయారుచేసుకునే ఎంజైములు ఉన్నాయి.

వీటన్నిటికీ నేను కాపలాదార్లని పేరు పెట్టాను. "గేటు దగ్గర మా అన్న ఉన్నట్టే మీ ఊపిరితిత్తుల దగ్గర వీళ్లుంటారు" అని రాశాను. ఆ వాక్యం రాసి నన్ను నేనే మెచ్చుకున్నాను.

అయిదో పేజీలో అసలు మాట ఉంది. కాపలాదార్లు కూడా అరిగిపోతారు. ఎలక్ట్రాన్ ఇచ్చేసిన విటమిన్ ఇని విటమిన్ సి మళ్లీ నిలబెడుతుంది, దాన్ని గ్లుటాథయోన్ నిలబెడుతుంది. కానీ పొగ ఆగకుండా వస్తూనే ఉంటే ఈ మరమ్మతు దానికి అందదు. పళ్లు, కూరగాయలు తినండి, మంచిదే. అవి పొగకు విరుగుడు మాత్రం కావు. పొగ తాగేవాళ్లకు బీటా కెరోటిన్ మాత్రలిచ్చి చూస్తే మేలు జరగకపోగా కీడే కనిపించింది. దమ్మున్నవాళ్లు డాక్టరిచ్చిన మందు ఏ జ్యూసును చూసుకొనీ ఆపకూడదు. ముందు పొగకు దూరంగా జరగాలి, మిగతాదంతా ఆ తర్వాత.

మేడమ్ అంతా చదివింది. "చాలా బాగా రాశారండీ. ఈ లాస్ట్ పేజీ కొంచెం నెగెటివ్‌గా ఉంది కదా? ఆదివారం పూట రిలాక్స్ అవుదామని వస్తారు పాపం. ఇది తీసేద్దామా?" అంది.

తీసేశాను. నన్నెవరూ బెదిరించలేదు. నేనూ ఒక్క మాట ఎదురు చెప్పలేదు. బడిలో పిల్లవాడు పరీక్షలో చివరి ప్రశ్న వదిలేస్తే చెవి మెలిపెట్టే మనిషిని, తలూపి ఆ పేజీ మడిచి సంచిలో పెట్టుకున్నాను. కారణం ఏమిటంటే, పచ్చగడ్డి మీద నాకోసం కుర్చీ వేశారు. "ప్లీజ్ వెల్కమ్ మేడమ్ గారు" అన్నారు. ఇంగ్లీషులో చప్పట్లు కొట్టే జనం నా ముందు కూర్చున్నారు. చేవెళ్ల బడిలో ఇన్నేళ్లలో నాకు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఉబ్బిపోయాను, అంతే. ఈ సీసా జనాన్ని చూసి ఎంత నవ్వుకున్నానో, ఆ రోజు నా ముఖం నేను చూసుకొని ఉంటే అంతకన్నా ఎక్కువ నవ్వేదాన్ని.

నేను మాట్లాడుతున్నంతసేపూ అన్న వెనక మల్లెపందిరి దగ్గర నీళ్ల పైపు పట్టుకొని నిలబడ్డాడు. నేను "మా అన్న ఉన్నట్టే" అన్నప్పుడు పాతికమంది వెనక్కి తిరిగి ఆయన్ను చూశారు. ఆయన పైపు కింద పడేసి దండం పెట్టాడు. నీళ్లు వాళ్ల చాపల కిందికి పారాయి.

అప్పటి నుంచి రెండు నెలలు, ఒక్క ఆదివారం తప్పకుండా చేవెళ్లలో బస్సెక్కి పోయి ఆ నాలుగు పేజీలూ చెప్పి వచ్చాను. నేను పోయేసరికి తోట అద్దంలా ఉండేది. ఒక్క ఎండుటాకు కనబడేది కాదు. అదెలా అయిందని నేను ఒక్కసారి కూడా అడగలేదు. జీవశాస్త్రం చెప్పే మనిషిని, రాలిన ఆకులు ఎక్కడికి పోతున్నాయని అడగలేదు!

ఒక శుక్రవారం వదిన ఫోన్ చేసింది. "మీ అన్న నా మాట ఇంటలేడు. జర నువ్వొచ్చి చెప్పు. మెట్లెక్కాలంటే మధ్యల ఆగుతుండు" అంది. బడి కాగానే బయల్దేరి, ఇంకా ఎండ ఉండగానే అజీజ్‌నగర్‌లో దిగాను. గేటు తీయకముందే ఘాటు పొగ ముక్కుకు తగిలింది. తోట వెనక వారం ఆకులన్నీ కుప్ప చేసి అన్న నిప్పు పెట్టాడు. ఆ ఆకుల మధ్య పోయిన ఆదివారం జ్యూసు సీసాలు కూడా ఉన్నాయి. అవి ముడుచుకుపోతూ నల్లటి పొగ కక్కుతున్నాయి. శనివారం సాయంత్రానికల్లా తోట శుభ్రంగా ఉండాలని ఇంటివాళ్ల హుకుం. చెత్తబండి ఆ వీధిలోకి రాదు, గుంత తవ్విస్తే గడ్డి అందం పోతుంది. అందుకని ప్రతి శుక్రవారం ఇదే పని. వాళ్ల ఊపిరితిత్తులు ఆదివారం బాగుపడాలంటే మా అన్న ఊపిరితిత్తులు శుక్రవారం కాలాలి. నాకు ఒళ్లు మండిపోయింది.

అన్న మెడలో తువ్వాలు ముక్కుకు చుట్టుకొని వెదురుబొంగుతో కుప్ప కెలుకుతున్నాడు. రెండుసార్లు కెలకడం, బొంగు మీద ఆనుకొని దగ్గడం, మళ్లీ కెలకడం. చెవి మీద బీడీ ఉంది.

"అన్నా, ఇదేంది? బీడీ ఏంది మళ్ల?" అని అరిచాను.

"ఒక్కటే చెల్లె, పొద్దుకొక్కటి. అది తాగినంక ఒక గ్లాసు ఎర్ర జ్యూస్ తాగుత. మిగిలింది మేడం నాకే ఇస్తది" అన్నాడు. ఆ జ్యూసుతో బీడీ లెక్క చెల్లిపోయినట్టు ఎంత నిశ్చింతగా చెప్పాడో!

"పీల్చే మందేది?"

ఆయన నవ్వాడు. "అది పక్కకు పెట్టిన. రెండు నెలలాయె. నాకిప్పుడు దాని అక్కరేముంది? లోపల కావలోళ్లు ఉన్నరాయె. నువ్వే చెప్పినవ్ గద, అందరి ముందట."

వదిన లోపలికి పోయి ఆ మందు డబ్బీ తెచ్చి నా చేతిలో పెట్టింది. పూలవిత్తనాల పొట్లాలున్న రేకు డబ్బాలో పెట్టాడట. "మీ చెల్లె మందు వద్దన్నదా అని అడిగిన. వద్దనలే, అక్కర లేదని చెప్పింది అన్నడు. ఇగ నేనేమంట?" అని నన్నే అడిగింది.

అప్పుడైనా కూర్చోబెట్టి అయిదో పేజీ చెప్పాలి కదా! చెప్పలేదు. "పిచ్చిమాటలు మాట్లాడకు, రేపటి నుంచి మందు పీల్చు, బీడీ పారెయ్" అని పిల్లల్ని కసిరినట్టు కసిరాను. ఆయన "సరే సరే, ఫికర్ చేయకు" అన్నాడు. ఎందుకు పీల్చాలో చెప్పాలంటే, చెప్పకుండా వదిలేసింది నేనేనని ఒప్పుకోవాలి. అది నావల్ల కాలేదు. కోపమంతా మేడమ్ మీద తీర్చుకుందామని ఆమెకు ఫోన్ చేశాను. ఆకులు కాల్చించొద్దు, అన్నకు దమ్ముందని చెప్పాను.

"అయ్యో, అవునా! కానీ ఆకులే కదండీ, అది ఆర్గానిక్ పొగ. మా చిన్నప్పుడు మా ఊళ్లో అందరూ కాల్చేవాళ్లు, ఎవరికేమైంది?" అందామె. ఆర్గానిక్ పొగ! ఆ మాట విన్నాక ఆమెతో వాదించడం దండగనిపించింది. ఆదివారం వస్తున్నారు కదా అని అడిగింది. వస్తానన్నాను. నా బొంద, మళ్లీ వస్తాననే అన్నాను.

ఆదివారం వెళ్లాను. నేను గాలితిత్తుల దాకా వచ్చేసరికి మల్లెపందిరి దగ్గర నుంచి ఈలలాంటి చప్పుడు వినపడింది. చూస్తే అన్న పందిరి గుంజ పట్టుకొని వంగిపోయి ఉన్నాడు. భుజాలు పైకి లేస్తున్నాయి, గాలి మాత్రం లోపలికి పోవడం లేదు. పెదాలు నల్లబడ్డాయి. శిబిరం జనం లేచి ఆయన చుట్టూ చేరారు. ఒకావిడ "డీప్ బ్రెత్ తీసుకోండి, నాలుగు లెక్కపెట్టండి" అంది. ఇంకొకాయన సీసా మూత తీసి, "ఉసిరి ఉంది, రెండు గుక్కలు పట్టండి" అని నోటి దగ్గర పెట్టాడు. ఊపిరాడని మనిషి నోట్లో జ్యూసు పోస్తున్నాడు, చదువుకున్న గాడిద! ఆ సీసా లాగి పారేశాను. ఇంటి సారు కారు తాళాలు చేతిలోనే పట్టుకొని అంబులెన్స్ నంబరు వెతుకుతున్నాడు. వదిన రోడ్డు మీదికి పరిగెత్తి ఆటో ఆపింది. గేటు మేమే తీసుకున్నాం, ఎప్పుడూ తీసే మనిషి ఆటోలో పడి ఉన్నాడు.

మొయినాబాద్ దవాఖానాలో ముక్కుకు మాస్కు పెట్టి మందు ఆవిరి పట్టారు, ఆక్సిజన్ ఇచ్చారు, సూదులు వేశారు. చాలాసేపటికి ఈల తగ్గింది. అక్కడి డాక్టరు కుర్రాడు, అలసిపోయి ఉన్నాడు.

"రోజు మందు ఏమన్నా వాడుతున్నరా?" అని అడిగాడు.

"వాడుతుంటి సారూ. ఆపిన" అన్నాడు అన్న, మాస్కు కాస్త పక్కకు జరిపి.

"ఎవరు ఆపమన్నరు?"

అన్న నావైపు చేయి చూపించాడు. ఆ స్థితిలో కూడా ఆ ముఖంలో గొప్పే ఉంది. "మా చెల్లె సారూ. సైన్స్ టీచరమ్మ" అన్నాడు.

డాక్టరు నన్ను పైనుంచి కిందికి ఒక చూపు చూశాడు. చీటీ మీద రాసుకుంటూ పోయాడు. ఏదైనా తిట్టి ఉంటే బాగుండేది. ఇన్నాళ్లుగా సీసా జనాన్ని నేను చూసిన చూపు అదే, ఇప్పుడు నా మీదికి వచ్చింది. చెప్పుతో కొట్టినట్టయింది.

నాలుగు రోజుల తర్వాత అన్నను చేవెళ్లకు మా ఇంటికి తెచ్చుకున్నాను. డాక్టరమ్మ పరీక్షించి, ఇంతకుముందున్న దమ్ములో కొంత పోయిందని, అది మళ్లీ రాదని చెప్పింది. పార పని ఇక వద్దంది. ఫామ్‌హౌస్ నుంచి మేడమ్ ఫోన్ చేసి "పాపం పెద్దాయన ఎలా ఉన్నారండీ" అని అడిగింది. అడిగి, తోటకు ఇంకో మనిషిని పెట్టుకున్నామని, గేటు పక్క గదులు వాళ్లకు కావాలని చెప్పింది. చెప్పిన గొంతు మెత్తగానే ఉంది. వాళ్లు ఎప్పుడూ మెత్తగానే మాట్లాడతారు.

ఆ సాయంత్రం వరండాలో అన్న మందు డబ్బీ చేతిలో పట్టుకొని కూర్చున్నాడు. నేను సంచిలోంచి మడతలు పడ్డ అయిదో పేజీ తీశాను. ఆయన పక్కనే కూర్చొని మొదటి నుంచి చివరి దాకా చదివాను, అర్థం కాని చోట విడమరచి చెప్పాను. కాపలాదార్లు ఎలా అరిగిపోతారో, వాళ్లను ఎవరు నిలబెడతారో, పొగ ఆగకపోతే ఏమవుతుందో చెప్పాను. బడిలో ఏ పిల్లవాడూ వినంత శ్రద్ధగా విన్నాడు. తర్వాత డబ్బీలో గోలీ పెట్టి, తిప్పి, వీధిలో పోయేవాళ్లు చూస్తుండగానే పీల్చాడు. నేను చెప్పినట్టే పది లెక్కపెట్టి ఊపిరి వదిలాడు.

"ఇది కొత్తగ రాసినవా?" అని అడిగాడు.

"లేదు. అప్పుడే రాసిన" అన్నాను.

"మరి ఆడ చెప్పలే?"

"వాళ్లు వద్దన్నరు అన్నా."

ఆయన ఆ కాగితం వైపు చూశాడు. కోపం లేదు ఆ ముఖంలో, నిజంగా తెలుసుకుందామనే అడిగాడు.

"వాళ్లు వద్దంటే నాకు గూడ చెప్పొద్దానె?"

నేను కాగితం మళ్లీ మడతపెట్టాను. చాయ్ పెడతానని లేచి లోపలికి పోయాను.